నడుముకు కట్టిన బెండ్లు

శ్రోతలకు నమస్కారం.

కడప జిల్లాలోని మా ఊరి కపిలబావిలో నాకు ఈత నేర్పిన రోజుల్లో మా నాయన నా నడుముకు నాలుగు ఎండు బెండ్లు కట్టి, తాను ముందుగా నీళ్లలోకి దిగి, మెట్టు మీద వణుకుతూ నిలబడిన నన్ను రమ్మని చేతులు చాచేవాడు. మొదటి రోజే ముక్కులోకి నీళ్లు పోయి, ఇక దిగనని ఏడ్చాను. ఆయన కోప్పడలేదు, ధైర్యం గురించి ఉపన్యాసమూ చెప్పలేదు. మర్నాడు మెట్టు పట్టుకొని కాళ్లు మాత్రం ఆడించమన్నాడు. కాళ్లు కుదిరాక చేతులు; చేతులు కుదిరాక ఒక బెండు తీసివేశాడు, కొన్నాళ్లకు ఇంకొకటి. పిల్లలకు పట్టుదల నేర్పడమంటే ఏ బెండు ఎప్పుడు విప్పాలో తెలుసుకోవడమేనని నేను నమ్ముతాను.

అయినా నా బిడ్డ విషయంలో ఆ సంగతి మరచిపోయాను. తొమ్మిదేళ్ల మా పాప వేసవి సెలవుల్లో పిల్లనగ్రోవి నేర్చుకోవడం మొదలుపెట్టింది. కొత్తగా పట్టుకున్నవారికి గాలి తప్ప నాదం పలకదు. పెదవి వెంట్రుకవాసి పక్కకు జరిగినా అంతే, పైగా కాసేపు గట్టిగా ఊదితే తల తిరుగుతుంది. ఐదో రోజున వేణువును మంచం మీద పడేసి, ‘నాకు రాదు నాయనా’ అంది. ‘నువ్వు తెలివైనదానివి, నీకెందుకు రాదు?’ అన్నాను. ఓదార్చాననుకున్నాను గానీ, నిజానికి ఆ చిన్న తల మీద బరువు పెంచాను.

కరోల్ డ్వెక్, క్లాడియా ముల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఐదో తరగతి పిల్లలతో జరిపిన ప్రయోగాల ఫలితాలను 1998లో ప్రచురించారు. మొదటి పజిళ్లు పూర్తిచేశాక ‘తెలివైనవాడివి’ అనిపించుకున్న పిల్లలు, తరువాత కఠినమైనవి ఎదురై తప్పులు చేసినప్పుడు, ‘బాగా కష్టపడ్డావు’ అనిపించుకున్నవారికంటే త్వరగా ఉత్సాహం కోల్పోయారు. తెలివి ఉండి కూడా రాలేదంటే, ఆ తెలివే లేదేమోనన్న భయం పిల్లలకు కలుగుతుంది.

మన భాషలో మరొక చిక్కు ఉంది. ‘రాదు’ అన్న ఒక్క మాటే ఇప్పుడు రాదని, ఇక ఎప్పటికీ రాదని కూడా చెబుతుంది. అందుచేత మా ఇంట్లో ‘రాలేదు’ అనడం అలవాటు చేసుకున్నాం. అయితే మాట మారినంత మాత్రాన నాదం పలకదు గనుక, పనిని కూడా చిన్నది చేశాం: వేళ్లతో ఏ రంధ్రమూ మూయకుండా, రోజుకు ఐదు నిమిషాలు ఊదడం మాత్రమే. మూడోనాడు ఒక్క క్షణం పాటు నాదం పలికింది. ‘ఇప్పుడు ఏం మార్చావమ్మా?’ అని అడిగితే, కాసేపు ఆలోచించి, ‘పెదవిని కొంచెం కిందికి తిప్పాను’ అంది.

ఇష్టం లేని విద్యను పిల్లల చేత బలవంతంగా చేయించాలని నేను అనను. ఏడ్చిన రోజున మాత్రం మానే మాట ఎత్తకూడదని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. దసరా వరకు గడువు. అప్పటికీ వద్దనిపిస్తే వేణువును గూట్లో పెట్టేయవచ్చు. ఇప్పుడు సాయంత్రం పూట మా వసారాలో స్వరాలు వినిపిస్తున్నాయి. కింది స్వరాలకు వచ్చేసరికి చిన్న వేళ్ల సందుల్లోంచి గాలి పోతోంది, ఆమె మళ్లీ మొదటి నుంచి ఊదుతోంది.