మందు పని చేయలేదంటే: పందుల్లో ఔషధ నిరోధకతపై పరిశోధన

అందరికీ నమస్కారం.

పందుల పెంపకందారుల నోట తరచుగా వినిపించే మాట, "ఈ మందు పని చేయడం లేదు" అని. ఔషధ నిరోధకత మీద పని చేసే పశువైద్య శాస్త్రవేత్త జీవితమంతా ఆ ఒక్క మాటను విడదీసి చూడటంలోనే గడుస్తుంది. రోగమే వేరు కావచ్చు. మందు పంది కడుపులోకి చేరి ఉండకపోవచ్చు. చేరినా మోతాదు చాలి ఉండకపోవచ్చు. ఈ మూడూ కాదని తేలాకే బ్యాక్టీరియా మందుకు లొంగడం లేదని అనాలి. పరిశోధనలోకి కొత్తగా వచ్చేవారు మొదటి మూడింటినీ దాటేసి బ్యాక్టీరియాను పెంచి మందులను పరీక్షించే ల్యాబు ప్లేటు దగ్గరికి పరిగెత్తుతారు. తప్పు అక్కడే మొదలవుతుంది.

పాలు మాన్పించాక వచ్చే విరేచనాలనే తీసుకుందాం. మూడు నాలుగు వారాల వయసులో పిల్లల్ని తల్లి నుంచి వేరు చేస్తాం. అంతవరకూ పాలలోని యాంటీబాడీలు పేగును కాపాడుతూ వచ్చాయి. ఆ రక్షణ ఒక్కరోజులో ఆగిపోతుంది. మొదటి ఒకటి రెండు రోజులు పిల్ల సరిగా తినదు, పేగు లోపల ఆహారాన్ని పీల్చుకునే సన్నని వేళ్లలాంటి విల్లైలు కుంచించుకుపోతాయి. ఆ తర్వాత ఆకలికి ఒక్కసారిగా తింటుంది. జీర్ణం కాని ప్రోటీను పేగు కింది భాగానికి చేరి బ్యాక్టీరియాకు మేత అవుతుంది. ఎఫ్4 లేదా ఎఫ్18 రకం ఫింబ్రియాలున్న (అతుక్కోవడానికి పనికొచ్చే సన్నని పోగులున్న) ఈ.కోలై బ్యాక్టీరియా పేగు గోడను పట్టుకుని విషాలు వదిలితే నీళ్ల విరేచనాలు మొదలవుతాయి.

ఇదే వయసులో రోటావైరస్ కూడా ఇలాంటి విరేచనాలే తెస్తుంది. దాని మీద ఏ యాంటీబయాటిక్కూ పని చేయదు. అలాంటి గుంపు నుంచి ఈ.కోలైని పెంచి "నిరోధకత ఉంది" అని రాస్తే, మనం రాసింది పేగులో మామూలుగా ఉండే, రోగంతో సంబంధం లేని ఈ.కోలై గురించి.

అందుకే నమూనా తీసే చేతిలోనే సగం పరిశోధన ఉందంటాను. ఇంకా ఏ మందూ వేయని, విరేచనాలు మొదలై ఒక రోజు దాటని పిల్లల్ని ఎంచుకోండి. ఒక్కటి చాలదు, వేర్వేరు గదుల నుంచి ఐదారు కావాలి. నేల మీది మలం ఎత్తకండి, అందులో గది మొత్తం కలిసి ఉంటుంది. మలద్వారం లోపలి నుంచి దూదిపుల్లతో స్వాబ్ తీసి, దారిలో బ్యాక్టీరియాను బతికించి ఉంచే రవాణా మాధ్యమంలో ఉంచి, 4 డిగ్రీల చల్లదనంలో అదే రోజు ల్యాబుకు పంపండి. రక్తం కలిపిన జెల్లీలాంటి బ్లడ్ అగార్ మీద హీమోలిసిస్ చూపే (చుట్టూ ఉన్న రక్తకణాలను పగలగొట్టే) బ్యాక్టీరియా కాలనీలను విడిగా ఎత్తి, ఎఫ్4, ఎఫ్18 జన్యువులూ విషాల జన్యువులూ ఉన్నాయేమో జన్యువులను గుర్తించే పీసీఆర్ పరీక్షతో చూడాలి. అయితే ఎఫ్4 రకాలు దాదాపు అన్నీ హీమోలిసిస్ చూపినా, అన్ని రోగకారకాలూ చూపుతాయని అనుకోకండి.

ఇంకో చిక్కు ఉంది. రైతు తొలి రోజునే నమూనా పంపడు. రెండు మందులు వాడి, విసిగి, మూడో వారం పంపుతాడు. అంటే ల్యాబుకు చేరేవి ఎక్కువగా చికిత్సను తట్టుకుని మిగిలిన బ్యాక్టీరియాలే. రోగనిర్ధారణ నమూనాల లెక్కను మొత్తం పందుల లెక్కగా ప్రకటిస్తే నిరోధకత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పందుల నుంచి సేకరించిన నమూనాలు విడిగా ఉండాలి. రెండింటినీ ఒకే పట్టికలో కలపకండి.

ఇక ప్లేటు. దాని మీద బ్యాక్టీరియా ద్రవం పూసి, మందు అద్దిన కాగితం బిళ్లలు (డిస్కులు) పెడతాం. బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయమే జోన్. బ్యాక్టీరియా ద్రవం 0.5 మెక్‌ఫార్లాండ్ చిక్కదనంలో ఉండాలి, అంటే మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల కణాలు. చిక్కగా ఉంటే జోన్ చిన్నదవుతుంది, లొంగే బ్యాక్టీరియా కూడా లొంగనిదిగా కనిపిస్తుంది. ఈ పరీక్షకు వాడే ముల్లర్-హింటన్ అగార్ మందం 4 మిల్లీమీటర్లు దాటినా ఇదే తంటా. ద్రవం పూసిన పావుగంటలోపు డిస్కులు పెట్టి, పెట్టిన పావుగంటలోపు ఇంక్యుబేటర్లో ఉంచాలి. పరీక్ష చేసే ప్రతిరోజూ ఏటీసీసీ 25922 అనే, ఫలితం ముందే తెలిసిన ప్రామాణిక ఈ.కోలైని కూడా పక్కన నడపాలి. దాని జోన్ హద్దులు దాటితే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టేయాలి. మనసు ఒప్పుకోదు, అయినా పెట్టేయాలి.

కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ దగ్గర ఈ డిస్కు పద్ధతి పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఆ అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు. కాబట్టి ప్రామాణికమైన దారి బ్రాత్ మైక్రోడైల్యూషన్, అంటే మెట్టు మెట్టుకూ మందు గాఢత మార్చిన ద్రవాల్లో బ్యాక్టీరియాను పెంచి చూడటం. అది కూడా మామూలు పాలీస్టైరీన్ ప్లేట్లలో, పాలీసార్బేట్ (మందు ప్లేటుకు అంటకుండా కలిపే పదార్థం) కలపకుండా చేయాలి. ఈ మందు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పందిపిల్లల విరేచనాలకు దశాబ్దాలుగా దీన్ని వాడారు. మనుషుల్లో వేరే మందులకు లొంగని ఇన్ఫెక్షన్లకు చివరికి మిగిలే కొద్ది మందుల్లో ఇది ఒకటి. క్రోమోజోములో మార్పు వస్తేనే దీనికి నిరోధకత పుడుతుందనీ, అది ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి పాకదనీ అనుకునేవారు. 2015లో చైనా శాస్త్రవేత్తలు పంది నుంచి తీసిన ఈ.కోలైలో ఎంసీఆర్-1 అనే నిరోధక జన్యువును ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి వెళ్లగలిగే చిన్న డీఎన్ఏ వలయం) మీద చూపించాక ఆ నమ్మకం పోయింది. ఆ జన్యువు చేసే ఎంజైము బ్యాక్టీరియా పైపొరలోని లిపిడ్-ఎకు ఫాస్ఫోఇథనాలమీన్‌ను అతికిస్తుంది. దాంతో రుణావేశం తగ్గి, కొలిస్టిన్ అంటుకోలేకపోతుంది.

ఈ జన్యువున్న ఈ.కోలై ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మందు గాఢత) తరచుగా లీటరుకు 4 నుంచి 8 మిల్లీగ్రాములే. లొంగుతుందనడానికి హద్దు 2. మైక్రోడైల్యూషన్‌లో ఒక మెట్టు (రెట్టింపు లేదా సగం) తేడా రావడం మామూలే కనుక, 2 దగ్గర ఆగిన ప్రతిదానికీ పీసీఆర్ చేయండి. 2017లో చైనా ఎదుగుదల కోసం దాణాలో కొలిస్టిన్ కలపడం ఆపేసింది. ఆ తర్వాత పందుల్లో ఈ జన్యువు తగ్గినట్టు అక్కడి సర్వేలు చూపించాయి. వాడకం తగ్గిస్తే నిరోధకత తగ్గుతుందా అని అడిగేవారికి చూపదగ్గ ఆధారం ఇది.

మోతాదు సంగతి ల్యాబులో కనపడదు. 10 కిలోల పిల్లలు 200 ఉన్నాయనుకోండి, మొత్తం 2,000 కిలోలు. కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున 20 గ్రాముల మందు కావాలి. సగం మాత్రమే మందున్న పొడి అయితే 40 గ్రాములు. బరువులో పదో వంతు తాగుతాయని 200 లీటర్లలో కలుపుతాం. రోగంతో 120 లీటర్లే తాగితే పిల్లకు అందేది కిలోకు 6 మిల్లీగ్రాములు. పిల్ల బరువు నిజానికి 13 కిలోలైతే, పూర్తిగా తాగినా 7.7 మిల్లీగ్రాములే. అది కూడా సగటు మాత్రమే. బలమైన పిల్లకు ఎక్కువ, బాగా నీరసించినదానికి తక్కువ అందుతుంది. నీటి మీటరు చదవకుండా మందు విఫలమైందని రాయకండి. టెట్రాసైక్లిన్‌ను కాల్షియం ఎక్కువున్న నీళ్లు పట్టేస్తాయి. పైపుల్లో బయోఫిల్మ్ (బ్యాక్టీరియా కట్టే జిగురు పొర) ఉంటే కోర్సు ముగిశాక కూడా రోజుల తరబడి తక్కువ మోతాదులో మందు కారుతూ ఉంటుంది. నిరోధక రకాలు నెగ్గుకొచ్చేది సరిగ్గా అలాంటి చోటే.

విరేచనాలు ఆపడానికి దాణాలో కలిపే జింక్ ఆక్సైడ్‌ను కూడా మరవకండి. అది యాంటీబయాటిక్ కాదు, కానీ మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని, పందుల్లో తిరిగే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాలో జింకును తట్టుకునే జన్యువు మెథిసిలిన్ నిరోధక జన్యువున్న డీఎన్ఏ ముక్కలోనే ఉంటుంది. జింకు పెడితే రెండూ కలిసి నిలుస్తాయి. మందు మోతాదులో వాడే జింక్ ఆక్సైడ్‌కు యూరోపియన్ యూనియన్‌లో 2022 జూన్‌తో అనుమతి ముగిసింది. అప్పటి నుంచి ప్రోటీన్ తగ్గించిన దాణా, 28 డిగ్రీల వెచ్చని పొడి పడక, పాలు మాన్పించే ముందు నోటి ద్వారా ఇచ్చే ఎఫ్4, ఎఫ్18 జీవ టీకా లాంటివి మరింత అవసరమయ్యాయి. ఆ టీకా బతికున్న బ్యాక్టీరియా కనుక, అదే సమయంలో యాంటీబయాటిక్ ఇస్తే టీకా చచ్చిపోతుంది. ఈ చిన్న విషయం మరిచిపోయి టీకాను తప్పుపట్టేవారు చాలామంది.

చివరగా ఫ్రీజరు గురించి. ప్రతి ఐసోలేట్‌ను (నమూనా నుంచి విడిగా పెంచిన బ్యాక్టీరియాను) 20 శాతం గ్లిసరాల్‌లో, మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. గొట్టం మీద నంబరు, రిజిస్టరులో తేదీ, పిల్ల వయసు, గది, అంతకుముందు ముప్పై రోజుల్లో వాడిన మందులూ వాటి మిల్లీగ్రాములూ రాయండి. ఎంసీఆర్-1 బయటపడ్డాక చైనాలో పాత సేకరణలు వెతికితే 1980ల నాటి కోళ్ల ఈ.కోలైలోనే ఆ జన్యువు దొరికింది. వాటిని దాచినవారికి ఏ జన్యువు కోసం దాస్తున్నారో తెలియదు.