ధనుర్మాసంలో ఆరుద్ర చుక్క

శ్రోతలకు నమస్కారం.

ఆరుద్ర కార్తె గురించి మన శ్రీకాకుళం రైతులకి ఒకరు చెప్పక్కర్లేదు. ఎదలు, అంటే వరి విత్తనాలు, జల్లే రోజులు, తడినేల మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు తిరిగే రోజులు. కానీ ఆ కార్తెకి పేరిచ్చిన చుక్కని చూసినవాళ్ళు ఎంతమంది? జూన్ చివర్లో సూర్యుడు ఆ చుక్క వైపునే ఉంటాడు, అందుకని అప్పుడు కనబడదు. చూడాలంటే ఇప్పుడే, ఈ ధనుర్మాసంలోనే.

ఆరుద్ర ముసలి నక్షత్రం. అలాగని వయసెక్కువ అనుకోకండి. మన సూర్యుడికి 460 కోట్ల ఏళ్ళు, మండించుకోడానికి ఇంకో 500 కోట్ల ఏళ్ళకి సరిపడా హైడ్రోజన్ ఉంది. ఆరుద్ర వయసు కోటి సంవత్సరాలకి అటూ ఇటూ, అంతే. పుట్టినప్పుడే సూర్యుడికి పదిహేను, ఇరవై రెట్లు బరువు. నక్షత్రం ఎంత బరువైతే లోపల అంత వేడి, అంత వేగంగా హైడ్రోజన్ ఖర్చు. అది అయిపోయాక ఉబ్బింది, ఉబ్బి ఎర్రబడింది. సూర్యుడున్న చోట దాన్ని పెడితే బుధుడు, శుక్రుడు, మన భూమి, కుజుడు నాలుగూ దాని లోపలికే పోతాయి.

2019 చివర్లో ఈ చుక్క ఉన్నట్టుండి మసకబారింది. పేలిపోతుందేమోనని ప్రపంచమంతా టెన్షన్. తర్వాత తేలిందేమిటంటే, అది కక్కిన వాయువే చల్లబడి, ధూళిగా మారి మనకి అడ్డొచ్చింది. పేలడం మాత్రం ఖాయం. లోపల ఇనుము తయారయ్యాక ఇక మండించడానికేమీ మిగలదు, గర్భం ఒక్క క్షణంలో కుప్పకూలుతుంది, పైపొరలు చెదిరిపోతాయి. రేపో, లక్ష ఏళ్ళకో. పేలినప్పుడు పట్టపగలు కూడా కనిపిస్తుంది. భయం అక్కర్లేదు, అది 500 కాంతి సంవత్సరాలకి పైనే దూరంలో ఉంది, అంటే దాని వెలుగు మన దాకా రావడానికే 500 ఏళ్ళ పైన పడుతుంది.

మనం పీల్చే ఆక్సిజన్ చాలావరకు ఇలాంటి పెద్ద నక్షత్రాల్లో తయారై, అవి పేలినప్పుడు చెదిరి వచ్చినదే. నాకు ఇంతకంటే గొప్ప సంగతి సైన్సులో ఇంకోటి కనబడదు.

ఇంతకీ ఎలా చూడాలి? రాత్రి ఎనిమిది దాటాక తూర్పుకి తిరగండి. కళింగపట్నం తీరమైతే మరీ మంచిది, లేకపోతే మేడ చాలు. మూడు చుక్కలు ఒక వరసలో, దాదాపు నిలువుగా ఉంటాయి. వాటికి ఎడమ పక్క ఎర్రగా వెలిగేదే ఆరుద్ర. కుడి పక్క అంతే దూరంలో తెల్లటి చుక్క ఉంటుంది. ఆ తెల్లచుక్కకీ మూడు చుక్కలకీ మధ్య కాస్త మసగ్గా ఒక మరక కనిపిస్తుంది, బైనాక్యులర్ ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. అది ధూళీ హైడ్రోజన్ కలిసిన మేఘం. దాంట్లో ఇప్పుడు, ఈ మాట మీరు వింటుండగా, కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. పుట్టేవీ పోబోయేదీ ఒకే మూల, ఒకే చూపులో.

ఒక్క జాగ్రత్త. అమావాస్య దగ్గరి రాత్రుల్లో చూడండి. చూసేముందు ఇరవై నిమిషాలు సెల్‌ఫోన్ ముట్టుకోకండి, టార్చి వేయకండి. చీకటికి కళ్ళు అలవాటు పడితేనే ఆ మరక దొరుకుతుంది. పిల్లలకి ముందే ఈ మాట చెప్పి మరీ మేడ మీదికి తీసుకెళ్ళండి.

నమస్కారం.