ఫాస్టన్‌కు పాస్టరుగారొచ్చారు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలో ఫాస్టన్ అని చిన్న పల్లె ఉంది. 1814లో సిడ్నీ స్మిత్ అనే పాస్టరుగారు ఆ ఊళ్లో కాపురం పెట్టారు. ఇందులో వింతేముంది అంటారా? అంతకుముందు 150 ఏళ్లుగా అక్కడ పాస్టరన్నవాడు కాపురమే లేడు! ఊరి ఆదాయం మాత్రం ఎవరో ఒకరికి చేరుతూనే ఉంది.

అప్పట్లో పాస్టరు పదవంటే ఒక ఆస్తి. పలుకుబడి ఉన్నవాళ్లు తమ చిన్న కొడుక్కో, చుట్టానికో ఇప్పించుకునేవారు. ఒకే మనిషి రెండు మూడు ఊళ్ల రాబడి తింటూ పట్నంలో ఉండేవాడు. ఊళ్లో ప్రార్థనలు జరపడానికి క్యూరేట్ అనే సహాయకుణ్ణి కొద్దిపాటి జీతానికి పెట్టేవాడు.

రాబడి అంటే దశమభాగం. మన చర్చిల్లోనూ ఈ మాట వింటాం గానీ, ఇక్కడ ఎవరిష్టం వారిది. అక్కడ అది చట్టం. గోధుమ కోసి మోపులు కట్టాక, పదో మోపుకు పచ్చికొమ్మ గుచ్చి పక్కన పెట్టాలి. అది పాస్టరుగారి వాటా. చర్చి గడప తొక్కనివాడైనా ఇవ్వాల్సిందే. పైన మబ్బు కమ్ముతుంటే రైతుకు ఎంత టెన్షనో ఊహించుకోండి. ఆదివారం ఆయనే ప్రేమ గురించి బోధిస్తే ఎవరి చెవికెక్కుతుంది?

స్మిత్ కూడా ఇష్టపడి రాలేదు. లండన్ విందుల్లో కబుర్లతో నవ్వించే మనిషి. పాస్టర్లు తమ ఊళ్లోనే ఉండాలని చట్టం బిగించేసరికి తప్పలేదు. ఇల్లు తనే కట్టించుకున్నారు. సామాను మోయడానికి నాలుగు ఎద్దులు కొని, మన మాటల్లో చెప్పాలంటే లాగు, గుంజు, ఈడ్చు, పాకు అని పేర్లు పెట్టారు! అయితే వచ్చాక ఊరికి పనికొచ్చారు. జబ్బుపడ్డవాళ్లకు మందులిచ్చేవారు. చర్చి మాన్యంలో కొంత చిన్న మళ్లుగా చేసి పేదలకు కౌలుకిచ్చారు. మేజిస్ట్రేటు కూడా ఆయనే. దొరల అడవిలో దొంగవేట చేసినవాళ్ల మీద జాలి చూపేవారు.

ఇక 1831. ఓటు హక్కు పెంచే బిల్లును పార్లమెంటులోని ప్రభువుల సభ 41 ఓట్ల తేడాతో ఓడించింది. వ్యతిరేకంగా ఓటేసినవారిలో 21 మంది బిషప్పులు. వాళ్లంతా ఇటు వేసి ఉంటే బిల్లు ఒక్క ఓటుతో గట్టెక్కేది. జనానికి ఈ లెక్క బాగానే అర్థమైంది. బ్రిస్టల్‌లో బిషప్ భవనం తగలబెట్టారు.

ఆ తర్వాత మార్పులు చకచకా వచ్చాయి. 1836లో మోపుల బదులు డబ్బు కట్టే పద్ధతి పెట్టారు. ఏడేళ్ల ధాన్యం ధరల సగటే లెక్క. 1837 నుంచి జనన మరణాలను చర్చికి బదులు ప్రభుత్వ రిజిస్ట్రారు నమోదు చేశాడు. 1838 నుంచి ఒకరికి రెండు చర్చిలకు మించి ఇవ్వకూడదన్నారు, అవీ పది మైళ్ల లోపే ఉండాలన్నారు. పెద్ద చర్చిల్లో పనిలేని పదవులు తగ్గించి, ఆ డబ్బు పేద పారిష్‌లకు, అంటే పేద ఊరి చర్చిలకు మళ్లించారు.

ఇక్కడే స్మిత్‌గారు అడ్డం తిరిగారు. ఓటు హక్కు బిల్లు కావాలని సభల్లో మాట్లాడినవారే! అప్పటికి లండన్‌లోని సెయింట్ పాల్స్ అనే పెద్ద చర్చిలో పెద్ద పదవిలో ఉన్నారు. పెద్ద పదవులనే బహుమతులుంటేనే మంచివాళ్లు చర్చి ఉద్యోగమనే లాటరీలోకి దిగుతారని వాదించారు. ఈ వాదన నాకు రుచించదు. కానీ ఇంకో మాట కూడా అన్నారు: ఈ మార్పుల కోసం వేసిన కమిషన్‌లో బిషప్పులే కూర్చుని మా పదవులకు కత్తెర వేస్తారేమిటని. అది అబద్ధం కాదు. కొత్త లెక్కల్లోనూ ఆ చర్చి బిషప్పులందరికీ పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుకు ఏడాదికి 15,000 పౌన్లు మిగిలాయి. ఊళ్లో ప్రార్థన జరిపే క్యూరేట్లలో చాలామందికి నూరు పౌన్లు కూడా వచ్చేవి కావు.