ఫుట్‌పాత్ మీది నిద్రకూ ఒక లెక్క ఉంది

సభకు నమస్కారం.

ఇక్కడున్నవారిలో ఎక్కువమంది కాలనీ సంక్షేమ సంఘాల బాధ్యులు. కాబట్టి ఇళ్లు లేనివారు రాత్రిపూట తలదాచుకునే షెల్టర్ గురించి మీ సమావేశాల్లో తరచుగా వచ్చే మాటతోనే మొదలుపెడతాను. "నైట్ షెల్టర్ మా వీధిలో వద్దు. పని చేయరు, తాగి పడుకుంటారు."

ఈ అభిప్రాయం మన మాటల్లోనే నాటుకుపోయి ఉంది. ఎవరినైనా తీసిపారేయాలంటే "ఇల్లూ వాకిలీ లేనివాడు" అంటాం. ఇంకాస్త చులకన చేయాలంటే "ఊరూ పేరూ లేనివాడు" అంటాం. ఇల్లు లేకపోవడం మన దృష్టిలో ఒక పరిస్థితి కాదు, గుణదోషం. నా అభ్యంతరం అక్కడే.

హైదరాబాద్‌లో అడ్డా కూలీ, అంటే కూడలిలో నిలబడి ఆ రోజుకు పని వెతుక్కునే కూలీ సంగతి తీసుకోండి. తెల్లవారగానే అడ్డా మీద నిలబడకపోతే మేస్త్రీ ఇంకొకరిని తీసుకెళ్తాడు, ఆ రోజు కూలి పోతుంది. ఊరి చివర గది తీసుకుంటే అద్దె, అడ్వాన్సు, రానుపోను చార్జీలు. పైగా ఒంటరి మగవాళ్లకు గది ఇచ్చే ఓనర్లు తక్కువ. కూరగాయల మార్కెట్ హమాలీకి లారీలు వచ్చేది తెల్లవారకముందు. పెళ్లి భోజనాల్లో వడ్డించేవారికి పని ముగిసేది చివరి బస్సు వెళ్లిపోయాక. పెద్దాసుపత్రుల గేట్ల ముందు పడుకున్నవారిలో చాలామందికి సొంతూళ్లో ఇల్లుంది. లోపల రోగి దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు, మిగతావారు బయట చాప పరుచుకుంటారు. వీళ్లలో ఎవరిది సోమరితనం? పనికీ, మనిషికీ దగ్గరగా ఉండటానికి పెట్టుకున్న చోటు అది. బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో 1985లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి గుర్తించింది. చోటు పోతే బతుకుతెరువు పోతుందని, బతుకుతెరువు జీవించే హక్కులో భాగమని చెప్పింది.

2011 జనగణన ప్రకారం దేశంలో ఇళ్లు లేనివారు సుమారు 17.7 లక్షలు, అందులో పట్టణాల్లో ఉన్నవారు 9.4 లక్షల దాకా. ఈ లెక్క ఫిబ్రవరి 28 ఒక్క రాత్రిలో తీసింది. ఆ రాత్రి కడుతున్న భవనంలో పడుకున్నవారు, పోలీసులు లేపితే వేరే వీధికి వెళ్లినవారు, షట్టర్ వెనక నిద్రపోయిన పనివారు సులువుగా లెక్క తప్పిపోతారు. అందుకే ఈ అంకెను కనీస సంఖ్యగానే చూడాలి.

లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది 24 గంటలూ, ఏడాది పొడవునా తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. 2011లో గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు. అంటే 67 షెల్టర్లు కనీసం. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల్లో మనిషికి 50 చదరపు అడుగులు అని ఉంది. యాభై మందికి 2,500 చదరపు అడుగులు కావాలి. నిర్వహణకు ఏడాదికి 6 లక్షలని ఆ మార్గదర్శకాలే లెక్కగట్టాయి. దీన్ని 50 మందికీ 365 రాత్రులకీ భాగించండి, మనిషికి రాత్రికి 33 రూపాయలు కూడా రావు. నెలకు చూస్తే 50 వేలు. మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్లు, ఒక మేనేజరు, కరెంటు, నీళ్లు, దుప్పట్లు ఉతికించడం, ఫినాయిల్, దోమల మందు అన్నీ అందులోనే. బిల్లు ఆలస్యమైతే మొదట ఆగేది ఉతుకుడు. నల్లులు పడతాయి. నల్లులు పడ్డ షెల్టర్ కన్నా ఫుట్‌పాత్ నయమని జనం బయటికి వస్తారు. బయట మనం "షెల్టర్ ఇచ్చినా వెళ్లరు" అంటాం.

వెళ్లకపోవడానికి ఇంకా కారణాలున్నాయి. తాళం వేసుకునే లాకరు లేకపోతే తాపీ, బొచ్చె, బట్టల మూట ఎక్కడ పెట్టాలి? రాత్రి పదికి తలుపు మూస్తే వడ్డన పనివాడు బయటే. భార్యాభర్తలను విడదీసి మగవారినొక చోటికి, ఆడవారినొక చోటికి పంపితే ఆ కుటుంబం వెనక్కి వెళ్లిపోతుంది. చంటిబిడ్డ తల్లికి, వృద్ధులకు వేరే షెల్టర్లుండాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. లోపలికి రావడానికి ఆధార్ అడగడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. షెల్టర్ చిరునామా ఆసరాతో గుర్తింపు కార్డు, రేషన్, పింఛను ఇప్పించాలి. "ఊరూ పేరూ" మనం ఇవ్వాల్సినవి, వాళ్లు తెచ్చుకోవాల్సినవి కావు.

కనబడకుండా చేయడం కూడా ఈ నగరం ప్రయత్నించింది. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు భిక్షాటనను రెండు నెలలు నిషేధించి, దొరికినవారిని జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. మళ్లీ అడుక్కోబోమని రాయించుకుని చాలామందిని వదిలేశారు. అడుక్కోవడానికి కారణమైనదేదీ మారలేదు. మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు అక్కడి భిక్షాటన చట్టంలో శిక్షించే సెక్షన్లను కొట్టేసింది.

ఇక ఇళ్ల సంగతి. "ఫ్లాటు ఫ్రీగా ఇస్తే అద్దెకిచ్చుకున్నారు" అన్నది ఇంకో ఫిర్యాదు. నగర శివారులో పేదల కోసం ప్రభుత్వం కట్టిన కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ కాలనీ 2023 జూన్‌లో ప్రారంభమైంది. 15,660 ఇళ్లు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. కట్టడం మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. కానీ సికింద్రాబాద్‌లో పొద్దున్నే నాలుగిళ్లలో పని చేసే ఆమెకు అక్కడ ఇల్లు వస్తే, మొదటి బస్సు పట్టుకున్నా మొదటి ఇంటికి ఆలస్యమే. రెండిళ్లు పోయాక ఆమె ముందు రెండే దారులు: పని మానడం, లేదా ఆ ఇల్లు అద్దెకిచ్చో, తాళం వేసో మునుపటి బస్తీలోనే అద్దెకుండటం. రెండోది ఎంచుకుంటే మనం మోసం అంటాం. పది అంతస్తుల్లో లిఫ్టు ఆగితే బాగుచేయించే డబ్బు ఎవరిదన్నది కూడా తాళాలు ఇచ్చే రోజే తేలాలి. తేలకపోతే పైఅంతస్తుల్లోని ముసలివాళ్లు ఇంట్లోనే బందీలవుతారు.

దీనికి ఎదురు ఉదాహరణ ఈ నగరంలోనే ఉంది. బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో ఉన్న చోటే 396 ఇళ్లు కట్టి 2015లో ఇచ్చారు. పని, బడి, కిరాణా ఖాతా ఏదీ మారలేదు. ఖర్చుకు భయపడి చౌక భూమి వెతుక్కుంటూ దూరం వెళ్లే ప్రతి అధికారికీ ఈ కాలనీ చూపించాలని నా కోరిక. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు ఇచ్చిన సెంటు స్థలాల్లోనూ ఇదే చిక్కు. సెంటంటే 48.4 గజాలు. ఇల్లు పడుతుంది. కానీ లేఔటు ఊరికి దూరమై, రోడ్డూ నీళ్లూ రాకముందే పట్టా చేతికొస్తే పునాది దగ్గరే ఆగిపోతుంది.

మీ వీధిలో షెల్టర్ ప్రతిపాదన వచ్చినప్పుడు "వద్దు" అనే తీర్మానం బదులు మున్సిపాలిటీకి ఈ ప్రశ్నలు రాసి పంపండి. అడ్డాకు, ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో ఉందా? ఆడవారికి వేరే మరుగుదొడ్లు, లోపలి గడియ ఉన్నాయా? రాత్రి షిఫ్టు కేర్‌టేకరు ఎవరు, ఫోన్ నంబరు గేటు మీద రాశారా? నిర్వహణ డబ్బు ఏ నెల దాకా విడుదలైంది? దుప్పట్లు ఎన్ని రోజులకు ఉతుకుతారు? నెలకోసారి మీ సంఘం నుంచి ఇద్దరు వెళ్లి రిజిస్టరు చూడండి. పడకలెన్ని, నిన్న రాత్రి నిద్రించినవారెందరు అన్న రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి. రెండో అంకె మూడు నెలలు వరుసగా తగ్గుతుంటే నేరుగా దుప్పట్ల దగ్గరికీ, లాకర్ల దగ్గరికీ వెళ్లండి.