మోడ్ మీదే, గేమ్ మీది కాదు: అమ్మకానికి పెట్టే ముందు

[తెర మీద: పల్లెవెలుగు బస్సు మోడ్. బోర్డు: కాకినాడ – అమలాపురం, వయా యానాం]

నమస్తే అండి. మోడ్లు, అంటే ఉన్న గేమ్‌కి మనలాంటివాళ్ళు చేసి కలిపే బస్సులు, మ్యాప్‌ల్లాంటివి, అమ్మడం అనగానే రెండు జట్లు తయారు. "కోడ్ నాది, బొమ్మ నాది, అమ్ముకుంటే ఎవడేంటి?" అని ఒక జట్టు. "మోడ్‌కి డబ్బులడగడమే దొంగతనం" అని ఇంకో జట్టు. రెండూ తప్పే. వినీ వినీ చిరాకొచ్చి ఈ వీడియో.

మన డెల్టా వాళ్ళకి ఇది చెప్పడం తేలిక. మోడ్ అంటే కౌలు సేద్యం. చేను ఆసామిది, అంటే గేమ్ కంపెనీది. దమ్ము, ఊడ్పు, కలుపు అన్నీ మీవి. పంట మీదే, కాదనేవాడు లేడు. కానీ ఆ చేలో ఏం వేయచ్చు, పండింది ఎక్కడ అమ్మచ్చు అన్నది ఆసామితో అనుకున్న మాటని బట్టి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేస్తూ చదవకుండా 'ఐ అగ్రీ' కొట్టారే, ఆ మాట అందులో ఉంది.

ఆసామికో పద్ధతి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ చూడండి: మొదట్నుంచీ మీరే రాసిన మోడ్ మీదేనంటుంది, అమ్మడం మాత్రం కుదరదంటుంది. అదే ఆసామి, ఆ గేమ్‌కే ఇంకో రూపమైన బెడ్‌రాక్ చేను దగ్గర 2017లో మార్కెట్‌ప్లేస్ తెరిచి, తను ఎంచుకున్న వాళ్ళని అమ్ముకోనిస్తోంది. సిమ్స్ 4 గేమ్‌కి దాని కంపెనీ ఈఏ 2022లో చెప్పింది ఏంటంటే, డబ్బు కట్టినవాళ్ళకి కొన్నాళ్ళు ముందుగా ఇచ్చుకోండి, తర్వాత అందరికీ ఊరికే ఇచ్చెయ్యాలి. ఇక వార్‌క్రాఫ్ట్ ఆసామి బ్లిజార్డ్. వార్‌క్రాఫ్ట్ 3లో ఎవరో సరదాగా చేసిన మ్యాప్ డోటా అనే పెద్ద గేమ్‌గా ఎదిగి చేజారిపోయింది కదా, 2020లో దాని కొత్త రూపం రీఫోర్జ్‌డ్ వచ్చేసరికి అందులో ఆటగాళ్ళు చేసే కస్టమ్ గేమ్‌లన్నీ మావే అని రాసేసుకుంది. గట్టు మీద మీరు వేసుకున్న కందిమొక్క కూడా ఆసామిదే!

[తెర మీద: 25 – 30 – 45]

ఇప్పుడు అందరూ సగం సగం చెప్పే కథ. 2015 ఏప్రిల్ 23న వాల్వ్ కంపెనీ గేమ్‌ల దుకాణం స్టీమ్‌లో, మోడ్లు పంచుకునే వర్క్‌షాప్‌లో, స్కైరిమ్ గేమ్ మోడ్ల అమ్మకం మొదలైంది. మోడ్ చేసినవాడికి 25 శాతం, వాల్వ్‌కి 30, స్కైరిమ్ ఆసామి బెథెస్డాకి 45. వాటా 100 డాలర్లు నిండితే గానీ చేతికొచ్చేది కాదు, అంటే 400 డాలర్ల సరుకు అమ్ముడుపోవాల్సి వచ్చేది. 27వ తారీకుకి మొత్తం ఎత్తేశారు. అందరూ ఆ 25 శాతం దగ్గరే ఆగిపోతారు. అది తక్కువే, కాదనను. కానీ అసలు తంటా వేరే. మొదటి విడతలో వచ్చిన చేపలవేట మోడ్ ఇంకొకరు ఉచితంగా ఇచ్చిన యానిమేషన్ మోడ్ మీద నడుస్తుంది. గొడవై దాన్ని దించేశారు. పై చేను ఆయన తన చేలోంచి నీళ్ళు ఊరికే పారనిచ్చాడు, ఎందుకంటే మీరు తిండిగింజలకి పండిస్తున్నారనుకున్నాడు. మీరు లారీ ఎత్తుతుంటే చూస్తూ ఊరుకుంటాడా?

[తెర మీద: బస్సు ఎస్‌సీఎస్ ఫైల్ విప్పి చూపించాలి]

అందుకే ఈ బస్సుని విప్పి చూద్దాం. ఇది యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీల గేమ్‌కి చేసింది; అందులో మోడ్ ఉండే ఎస్‌సీఎస్ ఫైల్ చాలావరకు మామూలు జిప్పే. ఒంటి రంగుకి 4096×4096 టెక్స్చర్, అంటే పైన అతికే బొమ్మ, ఉంది: డీఎక్స్‌టీ5 అనే పద్ధతిలో కుదిస్తే, దూరం నుంచి చూపించే చిన్న కాపీలు (మిప్‌మ్యాప్‌లు) కలిపి 21 ఎంబీ, కుదించకపోతే 85. ఇదంతా సొంత పని, బాగుంది. చక్రాలు? వేరేవాళ్ళ ప్యాక్‌లోవి. లోపలి సీట్లు? ఇంకో గేమ్‌లోంచి పీకినవి. ముందు ఆర్టీసీ గుర్తు, దాని కింద కంపెనీ బ్యాడ్జీ. ఊరికే పంచుకున్నంత కాలం ఎవరూ పట్టించుకోకపోవచ్చు. 200 రూపాయలు ధర పెట్టారో, నలుగురూ వస్తారు. కాబట్టి మొదటి రోజు నుంచే ఒక నోట్‌ప్యాడ్ ఫైల్ పెట్టండి: ఏ ముక్క ఎక్కడిది, ఎవరిది, ఏ లైసెన్స్, ఏ తారీకు. చివర్లో గుర్తుచేసుకుని రాద్దాం అనుకుంటే జరిగే పని కాదు.

ఇంకోటి, ఆసామి చేనుని ఉన్నపళంగా రొయ్యల చెరువు చేసేస్తే? 2021 నవంబర్‌లో స్కైరిమ్ యానివర్సరీ ఎడిషన్ అప్‌డేట్ అదే చేసింది. స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే, మోడర్లు చేసిన అదనపు సాధనం మీద నడిచే డీఎల్ఎల్ ప్లగిన్లన్నీ (కోడ్‌తో చేసిన మోడ్లు) మళ్ళీ కంపైల్ చేయాల్సి వచ్చింది, అంటే కొత్త వెర్షన్‌కి తగ్గట్టు మళ్ళీ తయారుచేయాలి. ఉచిత మోడ్ అయితే "పరీక్షలయ్యాక చూస్తా" అనచ్చు. డబ్బు తీసుకున్నాక ఆ మాట చెల్లదు. సరదాకీ వ్యాపారానికీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది, ధరలో కాదు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. అమ్మాలని గట్టిగా ఉంటే ఆసామి రాతపూర్వకంగా ఒప్పుకున్న చోటే అమ్మండి. వాల్వ్ గేమ్ మీద కట్టిన గ్యారీస్ మోడ్ 2006 నుంచి స్టీమ్‌లో అమ్ముడవుతోందంటే వాల్వ్ సరేనంది కాబట్టే. లేదా మీరే చేసుకున్న బొమ్మలు, శబ్దాలతో విడి గేమ్‌గా మార్చుకోండి: స్టీమ్‌లో గేమ్ పెట్టడానికి కట్టే స్టీమ్ డైరెక్ట్ ఫీజు 100 డాలర్లు, అమ్మకాలు 1000 డాలర్లు దాటాక తిరిగిస్తారు. అమెరికా పన్ను ఫారం డబ్ల్యూ-8బెన్‌లో పాన్ నంబర్ ఇచ్చి భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద తగ్గింపు అడగండి, లేకపోతే అమెరికా అమ్మకాల మీద 15కి బదులు 30 శాతం కోస్తారు. చాలామంది ఇరుక్కునేది పేరు దగ్గర: పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో పొడి అక్షరం ఉంటుంది. ముందే సరిచేయించుకోండి. మీ ఊరి బ్రాంచికి, విదేశీ డబ్బు రావడానికి వాడే స్విఫ్ట్ కోడ్ లేకపోతే, విదేశీ డబ్బు ఏ బ్రాంచి ద్వారా వస్తుందో మేనేజర్ గారిని అడిగి ఆ కోడ్ వేయండి.