మిలాన్ అద్దెయిల్లు, తెలుగు వంటిల్లు

నమస్తే అండీ. ఇవాళ్టి వీడియోలో దువోమో చర్చి ముందు పావురాలు లేవు, పిజ్జా లేదు. కెమెరా వంటింట్లోంచి మెట్ల కిందికీ, అక్కణ్ణుంచి సూపర్ మార్కెట్‌కీ, చివరికి చెత్త డబ్బాల దగ్గరికీ వెళ్తుంది, అంతే. ఇటలీకి చదువుకో ఉద్యోగానికో బయల్దేరే మనవాళ్ళు ముందు అడిగేది "అక్కడ మన సరుకులు దొరుకుతాయా" అని. దొరుకుతాయి. ఉన్న ఇంటికి తగ్గట్టు వండుకోవడం దగ్గరే తడబడతారు.

ముందు ఇది చూడండి. మెట్ల కింద గోడకి వరసగా తెల్ల డబ్బాలు. ఇవి కరెంటు మీటర్లు, ఇక్కడి మాటలో కొంతాతోరే. ఇటలీలో మామూలు ఇంటి కనెక్షన్ 3 కిలోవాట్లు. పది శాతం వెసులుబాటు కలుపుకుని 3.3 దాకా ఎంతసేపైనా వాడుకోవచ్చు. కాస్త దాటితే కొంతసేపు ఊరుకుంటుంది, బాగా దాటితే నిమిషాల్లో కట్.

లెక్క వేయండి మరి. కెటిల్ 2 కిలోవాట్లు. వాషింగ్ మెషీన్ మొదట్లో నీళ్ళు కాచుకునేటప్పుడు దాదాపు 2. గీజరు 1.2 నుంచి 1.5. ఇండక్షన్ స్టవ్ అయితే ఒక్క పొయ్యికే 2. మిక్సీ మహా అయితే ముప్పావు కిలోవాట్. పాపం దాని తప్పేమీ లేదు, అందరికంటే ఆఖర్న స్విచ్ వేసింది దానికి కాబట్టి నింద దాని మీద పడుతుంది. బట్టల మెషీను, కెటిలు, ఓవెను: ఈ మూడింట్లో ఒకసారికి ఒక్కటే. ఇది ఫ్రిజ్ మీద రాసి అంటించుకోండి.

కరెంటు పోయిందా, ముందు ఇంటి తలుపు పక్కనున్న స్విచ్ బోర్డు చూడండి. అందులో సాల్వావీతా అని ఒక మీట ఉంటుంది, ప్రాణం కాపాడేది అని అర్థం. అది కిందికి పడి ఉంటే ఎక్కడో కరెంటు లీకవుతోంది. ఒక్కొక్క ప్లగ్గూ పీకి, మళ్ళీ ఎత్తి చూడండి. మీటలన్నీ పైనే ఉండి కూడా ఇల్లు చీకటిగా ఉంటే, కింద మీటరు పడిందన్నమాట. బరువైనవి రెండు ఆపి, కిందికెళ్ళి మీటరు మీట పైకెత్తాలి. ఆ మీటర్ల గదికి చాలా బిల్డింగుల్లో తాళం ఉంటుంది. ఇంటి తాళాలు తీసుకునే రోజే దాని తాళంచెవి కూడా అడిగి తీసుకోండి. రాత్రి పదింటికి, చేతికి అట్లపిండి అంటుకుని ఉండగా ఓనరుకి ఫోన్ చేయడం బాగుండదు కదా.

పవర్ పెంచుకోవచ్చా అంటే, అర కిలోవాట్ చొప్పున పెంచుకోవచ్చు, నెలవారీ స్థిర చార్జీ కూడా పెరుగుతుంది. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళే అడగాలి. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు కలిసి ఉండే అద్దెయింట్లో ఓనరు ఆ పని చేయడం అరుదు. లెక్కతో బతకడమే తేలిక.

మిక్సీ సంగతి. మన దగ్గరా ఇక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్జులే, కాబట్టి మోటారుకి ఏ ఇబ్బందీ లేదు. తేడా ప్లగ్గులోనే. ఇటలీ సాకెట్‌లో మూడు చిల్లులు ఒకే వరసలో ఉంటాయి, మధ్యది ఎర్త్. సన్న చిల్లులది 10 ఆంపియర్లు, లావు చిల్లులది 16. గుండ్రంగా లోపలికి ఉండే జర్మన్ రకం మూడోది. మన మూడు పిన్నుల ప్లగ్గు వీటిలో దేనికీ పట్టదు. ఎయిర్‌పోర్టులో అమ్మే యూనివర్సల్ అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ ఉండదు. ఫోన్ చార్జరుకైతే సరే, తడి చేతులతో తిప్పే మిక్సీకి వద్దు. ఫెర్రమెంతా అని బోర్డున్న ఇనుప సామాన్ల కొట్లో మూడు పిన్నుల ఇటాలియన్ ప్లగ్గు కొనండి. పాతది కత్తిరించి, ఆకుపచ్చ తీగ మధ్య పిన్నుకి, మిగతా రెండూ చెరో పక్కకి బిగించండి. ఈ ప్లగ్గు సాకెట్‌లో అటూ ఇటూ ఎలాగైనా దూరుతుంది కాబట్టి ఆ రెంటిలో ఏది ఎటైనా ఒకటే. ఎర్త్ మాత్రం మధ్యలోనే ఉండాలి. తెలియకపోతే తెలిసినవాళ్ళ చేతే వేయించుకోండి.

గ్యాస్ పొయ్యి ఉన్న వంటింట్లో గోడకి ఇలా ఒక గుండ్రటి జాలీ కనిపిస్తుంది. చలికాలంలో అందులోంచి గాలి జివ్వుమని వస్తుంది, వెంటనే గుడ్డ కుక్కాలనిపిస్తుంది. కుక్కకండి. గ్యాస్ మండడానికి గాలి అక్కణ్ణుంచే రావాలి. అది మూస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం.

పొయ్యి మీద పొగ గొట్టం, అదే కాప్పా, రెండు రకాలు. అస్పిరాంతె అయితే పొగని బయటికి తోస్తుంది. ఫిల్త్రాంతె అయితే బొగ్గు ఫిల్టర్‌లోంచి పీల్చి మళ్ళీ మన మొహానికే వదుల్తుంది. అద్దె ఫ్లాట్లలో రెండోదే ఎక్కువ. ఎండుమిర్చి పోపు వేశాక మూడు రోజులు కోట్లు వాసన కొడుతున్నాయంటే ఇదే కారణం. ఫిల్టరు మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి, పోపు వేసేటప్పుడు పడకగది తలుపు మూసి వంటింటి కిటికీ తీయాలి, కోట్లు బీరువాలో ఉండాలి.

కుక్కరు ఇక్కడ కొంటే, పెంతొలా ఆ ప్రెస్సియోనె, కూతలు లెక్కపెట్టే అలవాటు వదులుకోవాలి. అది ఆగి ఆగి విజిల్ వేయదు, బుస్సుమని ఏకధాటిగా ఆవిరి వదుల్తూనే ఉంటుంది. బుస్ మొదలవగానే మంట బాగా తగ్గించి నిమిషాలు చూసుకోవాలి. నానిన కందిపప్పుకి పది నిమిషాలు, అన్నానికి నాలుగైదు. ఇంటి నుంచి మన కుక్కరే తెచ్చుకుంటే, స్టవ్ ఇండక్షనో కాదో ముందు కనుక్కోండి. అయస్కాంతం అతుక్కోని అడుగున్న గిన్నె దాని మీద వేడెక్కదు. అల్యూమినియం కుక్కరు, అల్యూమినియం ఇడ్లీ పాత్ర, రెండూ అటకెక్కాల్సిందే.

పప్పు ఉడకట్లేదంటే అది పప్పు పాతదవడం వల్లే కాకపోవచ్చు. మిలాన్ కుళాయి నీళ్ళు భేషుగ్గా తాగొచ్చు, కానీ సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లగా పొర కట్టేది అదే. ఆ నీళ్ళలో పప్పు గింజ మెత్తబడడానికి ఎక్కువసేపు పడుతుంది. అరగంట నానబెట్టి చిటికెడు వంటసోడా, ఇక్కడ బికర్బొనాతో అంటారు, వేస్తే సరిపోతుంది. కెటిల్‌కి పట్టిన పొరని వెనిగర్ కలిపిన నీళ్ళు కాచి వదలగొట్టండి.

పెరుగు దగ్గర చాలామంది ఓడిపోతారు. పాలు ఫ్రిజ్‌లో ఉండే తాజావి కొనాలి, లాత్తె ఫ్రెస్కో ఇంతేరో, వెన్న తీయనివి. బయట అరల్లో నెలలు నిలవుండే పాలతో కూడా తోడుకుంటుంది గానీ గడ్డగా రాదు. తోడుకి తెల్ల యోగుర్త్ కొనేటప్పుడు తెల్లగా ఉన్నదల్లా పనికిరాదు, పంచదార కలిపినవీ అలాగే ఉంటాయి. వెనకాల పట్టికలో త్సుక్కెరి అన్న వరస చూడండి. 100 గ్రాములకి 4, 5 గ్రాములుంటే పాలలో సహజంగా ఉండే తీపే. 10 దాటిందంటే పంచదార కలిపారు. లీటరు పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆర్చి, రెండు చెంచాల తోడు కలిపితే చాలు.

మరి ఎక్కడ పెట్టాలి? ఇక్కడ ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి చట్టం ఉంది. 1993 నాటి ఉత్తర్వు ప్రకారం దేశాన్ని చలిని బట్టి మండలాలుగా విడగొట్టారు. మిలాన్‌లో అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా రోజుకి 14 గంటలు, రోమ్‌లో నవంబరు 1 నుంచి 12 గంటలు, నేపుల్స్‌లో నవంబరు 15 నుంచి మార్చి 31 దాకా 10 గంటలు. గదిలో 20 డిగ్రీలు, పైన ఇంకో రెండు దాకా వెసులుబాటు. అందుకని ఇంట్లో చలి ఎక్కువ పుట్టేది జనవరిలో అనుకుంటే పొరపాటే, అక్టోబరు మొదట్లోనూ ఏప్రిల్ ఆఖర్లోనూ. బయట చల్లగా ఉంటుంది, రేడియేటరు పనిచేయదు, ఇడ్లీపిండి రాత్రంతా ఉంచినా పొంగదు. గిన్నెని ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేడి చేయకుండా లోపలి దీపం ఒక్కటి వెలిగించి వదిలేయండి. పది పన్నెండు గంటల్లో పిండి పొంగుతుంది. రేడియేటర్లు నడిచే రోజుల్లో నేరుగా దాని మీద పెట్టకండి, అడుగు మరీ వేడెక్కి తోడు చచ్చిపోతుంది. మడత పెట్టిన తువ్వాలు మధ్యన ఉండాలి.

ఇక సూపర్ మార్కెట్. లోపలికి వెళ్ళే ముందు ఒక మాట: ఇటాలియన్ పేర్లు పలకడం తెలుగు నోటికి తేలిక. అందులో ట లేదు, డ లేదు, అన్నీ త, ద. ఒత్తు ఉన్నచోట మనలాగే ఒత్తాలి. కాసా అంటే ఇల్లు, కాస్సా అంటే డబ్బు కట్టే కౌంటరు. ఇంగ్లీషు యాస పెట్టి చదివితేనే వాళ్ళకి అర్థం కాదు.

కూరలు తీసుకునేచోట ప్లాస్టిక్ గ్లవ్స్ ఉంటాయి, వేసుకోకపోతే పక్కనున్న పెద్దావిడ చూపుతోనే చెబుతుంది. కవరులో వేసి, అర మీద రాసిన అంకె త్రాసు మీద నొక్కి, స్టిక్కరు అంటించుకోవాలి. మర్చిపోతే కాస్సా దగ్గర క్యూ అంతా మీ కోసం ఆగుతుంది. కవరుకీ ఒకటి రెండు సెంట్లు పడతాయి, 2018 నుంచీ చట్టం. కవరు పారేయకండి, దానికి ఇంకో పని ఉంది, చివర్లో చెప్తాను.

బియ్యం అరల దగ్గర అర్బోరియో, కర్నరోలి, వియాలోనె నానో ఉంటాయి. ఇవి రిసొత్తో అనే ఇటాలియన్ అన్నం వంటకం కోసం పండించే బియ్యం, అన్నం జిగురుగా వస్తుంది, పెరుగన్నానికి తప్ప పనికిరాదు. ఇడ్లీకి మాత్రం పార్‌బాయిల్డ్ అని రాసి ఉన్న రీబె బియ్యం తీసుకోండి. మన ఉప్పుడు బియ్యం పద్ధతిదే. మూడు పాళ్ళు ఇవి, ఒక పాలు మినపగుళ్ళు, ఆరు గంటల నాన. ఉప్మాకి సెమొలీనో అన్న పొట్లం. సేమొలా రిమచినాతా అని ఉంటే అది రెండోసారి విసిరిన మెత్తటి పిండి, ఉప్మా చేస్తే జావ అవుతుంది. ఫరీనా ది చేచి అంటే శనగపిండి, కాకపోతే కాబూలీ శనగలది. బజ్జీలకి హాయిగా సరిపోతుంది.

కొత్తిమీర అనుకుని కట్ట తెచ్చుకుంటే అది ప్రెత్సేమొలో, అంటే పార్స్‌లీ, కావచ్చు. చూపుకి కవల పిల్లలు, వాసన వేరు. ఆకు నలిపి చూసి కొనండి. కొరియాందొలో అని అడిగితే కొత్తిమీర, అదే బహువచనంలో కొరియాందొలి అంటే పండగల్లో జల్లుకునే రంగు కాగితం ముక్కలు. ఒకప్పుడు ఇక్కడ కార్నివాల్‌లో చక్కెర పూత పూసిన ధనియాలు విసిరేవారు. తర్వాత కాగితాలొచ్చాయి, పేరు మాత్రం పోలేదు.

శాకాహారులకి రెండు మాటలు. పిజ్జా మీద పెపెరోని అంటే ఇక్కడ క్యాప్సికమ్, మాంసం కాదు, భయం లేదు. కానీ పర్మిజానో రెజ్జానో చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసిన తోడు వాడతారు, మొత్తంగా శాకాహారం కాదు. బ్రెడ్డు పొట్లం మీద స్త్రుత్తో అని ఉంటే పంది కొవ్వు.

కరివేపాకు, మునక్కాడలు, మినపగుళ్ళు బంగ్లాదేశీ, శ్రీలంక వాళ్ళ కొట్లలో దొరుకుతాయి. రోమ్‌లో అయితే ఎస్క్విలీనో మార్కెట్ ఉండనే ఉంది. కరివేపాకు ఒకేసారి కొని కడిగి, తడి ఆరాక ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఇంటి నుంచి నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం తేకండి. యూరప్ బయటి నుంచి మాంసం, పాల వస్తువులు ప్రయాణికుల సామానులో రానివ్వరు. పచ్చి కరివేపాకు కట్టకీ మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. ఆవకాయకి అడ్డు లేదు. నెయ్యి కోసం బుర్రో కొనండి. బుర్రో అంటే వెన్నే, ఎక్కువగా ఉప్పు లేనిదే ఉంటుంది. 250 గ్రాముల ముక్క కాస్తే 200 గ్రాముల దాకా నెయ్యి వస్తుంది.

ఇప్పుడు ఆ కవరు. కూరగాయల తొక్కలు, టీ పిప్పి, మిగిలిన అన్నం అందులో వేసి మట్టిరంగు డబ్బాలోకి, ఊమిదో అంటారు. కుళ్ళిపోయే కవరు కాబట్టి అదీ లోపలికే. మిలాన్ పద్ధతిలో ప్లాస్టిక్, డబ్బా రేకులు పసుపు సంచీలో, కాగితాలు, పాల అట్టపెట్టెలు తెల్ల డబ్బాలో, గాజు పచ్చదానిలో. బిల్లు కాగితం కాగితంలో వేయకూడదు, అది వేడికి నల్లబడే రసాయనపు పూత ఉన్నది, మిగతా చెత్తలోకి వెళ్ళాలి. వేరే ఊరికి మారితే రంగులూ రోజులూ మారతాయి, మునిసిపాలిటీ క్యాలెండరు తెచ్చుకోండి. తప్పు జరిగితే జరిమానా బిల్డింగు మొత్తానికి పడొచ్చు. మీ పోర్టరు సంచీలోకి తొంగి చూస్తున్నాడంటే అందుకే. బజ్జీల నూనె సింకులో పోయకుండా సీసాలో పట్టి, సేకరణ కేంద్రంలో ఇవ్వాలి.

ఇంకొక్కటి, కరెంటు బిల్లు. మీ ప్లానులో గంటలని బట్టి రేట్లుంటే, మామూలుగా చవక పడే ఎఫ్3 అన్నది రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా, ఆదివారాలూ సెలవురోజులూ రోజంతా. రాత్రి మెషీన్ తిప్పితే కిందింటివాళ్ళు ఊరుకోరు, బిల్డింగు నియమాలూ సాధారణంగా ఒప్పుకోవు. అందుకని బట్టలు ఆదివారం ఉదయం తొమ్మిదింటికి వేయండి. టీ మాత్రం ఆ మొదటి అరగంట గ్యాస్ మీదే పెట్టుకోండి, కెటిల్ వద్దు.