సైకియాట్రీ రెసిడెన్సీ ఇంటర్వ్యూ: వాళ్ళు అడిగేవి, మనం అడగాల్సినవి

తమ్ముడు: రికార్డ్ అవుతోందా? ఆ, ఎర్ర లైట్ వెలిగింది. అందరికీ నమస్కారం.

అక్క: నమస్కారమండీ.

తమ్ముడు: ఇవాళ టాపిక్, అమెరికాలో సైకియాట్రీ రెసిడెన్సీ, అంటే మన పీజీ లాంటి ట్రైనింగ్, దాని ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, ఏం చెప్పాలి. ర్యాంక్ లిస్టులు, అంటే ఏ ఆసుపత్రి ట్రైనింగ్ ప్రోగ్రాం ముందు కావాలో వరసగా పెట్టే లిస్టులు, వాటి టైం దగ్గర పడింది కదా, మెయిల్స్ అన్నీ దీని మీదే. గబగబా చెప్పేస్తాను. మీ గురించి చెప్పండి, సైకియాట్రీ ఎందుకు, మా ప్రోగ్రామే ఎందుకు, గ్యాప్ ఉంటే ఆ గ్యాప్‌లో ఏం చేశారు, మీకు కష్టమనిపించిన పేషెంట్ ఎవరు, స్ట్రెస్ వస్తే ఏం చేస్తారు. ఎక్కడికెళ్ళినా కాస్త అటూ ఇటూగా ఇవే. స్టెప్ 1, అంటే అమెరికా లైసెన్స్ పరీక్షల్లో మొదటిది, ఎలాగూ 2022 జనవరి నుంచి మార్కుల్లేకుండా పాస్ ఫెయిల్ అయిపోయింది కాబట్టి దాని మీద పెద్దగా మాట రాదు.

అక్క: సైకియాట్రీ ఎందుకు అన్నదాని దగ్గర ఒక్క నిమిషం ఆగు. మనవాళ్ళు చాలామంది అక్కడ బట్టీ పట్టినట్టు చెప్తారు. మనకి ఇంటర్న్‌షిప్‌లో సైకియాట్రీ పోస్టింగ్ రెండు వారాలే, సగంమంది ఆ రెండు వారాలూ పీజీ ఎంట్రన్స్ చదువుకుంటారు. ఆ రెండు వారాల్లో నిజంగా చూసినది ఒక్కటుంటే అది చెప్పండి, చాలు. నీది చెప్పు, ఆ అరికాళ్ళ మంటలావిడ.

తమ్ముడు: చాలాసార్లు చెప్పానక్కా.

అక్క: కొత్తవాళ్ళు వింటున్నారు కదా, చెప్పు.

తమ్ముడు: కాకినాడ జీజీహెచ్‌లో ఓపీ. యాభై ఏళ్ళావిడ, అరికాళ్ళు మంటలమ్మా మంటలు అంటుంది, మెడిసిన్, న్యూరో, స్కిన్ అన్నీ తిరిగి వచ్చింది, పాలిథిన్ సంచీలో ఇంత లావు కాగితాలు. మా సర్ ఆ సంచీ పక్కన పెట్టించి, ఇంట్లో అన్నం ఎవరు వండుతున్నారమ్మా అని అడిగారు, అంతే. ఆవిడ పది నిమిషాలు ఏడ్చింది, కోడలు పోయి నాలుగు నెలలైందట, అంతవరకూ ఒక్కళ్ళూ అడగలేదు. నేను ఆ స్టూల్ మీదే కూర్చుని ఉన్నాను, అప్పుడే డిసైడ్ అయ్యాను. ఇంటర్వ్యూలో ఇదే చెప్పేవాణ్ణి, ఇంగ్లీష్ తడబడినా సరే. ఒకాయన వెంటనే ఏమీ అనకుండా కాసేపు అలా ఊరుకున్నారు, జూమ్‌లో ఆగిపోయిందేమో అనుకున్నాను.

అక్క: అదే అసలు ఇంటర్వ్యూ. వాళ్ళు చూసేది నువ్వు మాటల మధ్య ఖాళీని భరించగలవా లేదా అని. మన వైపు వాళ్ళకి ఖాళీ వస్తే కంగారు, వెంటనే ఏదో ఒకటి మాట్లాడేస్తారు. ఆగండి, ఊపిరి తీసుకోండి. సైకియాట్రిస్ట్ పనే అది.

తమ్ముడు: ఇప్పుడు టైమింగ్స్. ఇండియా నుంచి ఇచ్చేవాళ్ళకి, చలికాలంలో అమెరికా ఈస్టర్న్ టైం పొద్దున్న తొమ్మిదంటే మనకి రాత్రి ఏడున్నర, వెస్ట్ కోస్ట్ తొమ్మిదైతే పదిన్నర. నాకు కార్తీక మాసంలో పడింది, వీధి చివర గుళ్ళో మైకు. అమ్మ వెళ్ళి పూజారిగారిని బతిమాలి గంటన్నర ఆపించింది. సరే, నా పాయింట్‌కి వస్తాను. ప్రోగ్రాంని అంచనా వేసేటప్పుడు ముందు చూడాల్సింది వీసా. జే వన్ అనే ట్రైనింగ్ వీసా ఇస్తారా, హెచ్ వన్ అనే ఉద్యోగం వీసా ఇస్తారా. హెచ్ వన్ కావాలంటే స్టెప్ 3 ముందే పాసై ఉండాలి, పైగా 2025 సెప్టెంబర్‌లో హెచ్ వన్ మీద ఆ లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది కాబట్టి, బయట నుంచి వచ్చేవాళ్ళు ప్రోగ్రాం వాళ్ళని సూటిగా అడిగి తెలుసుకోవాల్సిందే. జే వన్ అయితే మూన్‌లైటింగ్, అంటే ఖాళీ టైంలో ఇంకో డ్యూటీ చేసి సంపాదించుకోవడం, కుదరదు, అయిపోయాక రెండేళ్ళు ఇంటికెళ్ళాలి, లేదంటే వెయివర్, అంటే ఆ రూల్ నుంచి మినహాయింపు, కాన్రాడ్ అనే స్కీం కింద అవి రాష్ట్రానికి ఏడాదికి 30...

అక్క: వీసా చూడాలి, కాదనను. కానీ అది గేటు మాత్రమే. లోపలికెళ్ళాక నాలుగేళ్ళుండాలి నువ్వు. ఆ నాలుగేళ్ళు ఎలా ఉంటాయో చెప్పే ప్రశ్న నా లెక్కలో ఒక్కటే.

తమ్ముడు: వచ్చేసింది. రాత్రి రెండు గంటల ఫోన్.

అక్క: అవును, రాత్రి రెండింటికి ఫోన్ ఎవరు ఎత్తుతారు. మెడిసిన్ నాలుగు నెలలు, న్యూరాలజీ రెండు నెలలు అన్ని చోట్లా ఉంటాయి, వారానికి 80 గంటల రూల్ అందరికీ ఒకటే, మూడో ఏడాది క్లినిక్ దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, వెబ్‌సైట్లన్నీ పక్కపక్కన పెడితే ఒకే కాగితం జిరాక్స్ తీసినట్టుంటాయి. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఎమర్జెన్సీలో నువ్వొక్కడివే ఉన్నప్పుడు, ఎదురుగా ఒక మనిషిని ఇంటికి పంపాలా ఉంచాలా తెలియనప్పుడు.

తమ్ముడు: ఒప్పుకుంటానక్కా. కానీ జూమ్‌లో అది ఎలా తెలుస్తుంది? రెసిడెంట్లని అడిగితే అందరూ చాలా సపోర్టివ్ అంటారు.

అక్క: సపోర్ట్ ఎలా ఉంటుంది అని అడిగితే సపోర్టివ్ అనే వస్తుంది. అలా అడక్కూడదు. మీరు ఆఖరిసారి రాత్రిపూట అటెండింగ్‌కి, అంటే పైనున్న సీనియర్ డాక్టర్‌కి, ఫోన్ చేసింది ఎప్పుడు, ఏ కేసు, ఏమన్నారు అని అడగాలి. బాగున్న చోట వెంటనే ఒక కథ వస్తుంది, మొన్న గురువారం ఇలా అయింది, ఆయన ఇలా అన్నాడు అని. బాగోలేని చోట విశేషణాలొస్తాయి, సపోర్టివ్, ఫ్యామిలీ లాంటి వాతావరణం, అప్రోచబుల్. అదీ చీఫ్ రెసిడెంట్‌ని కాదు, సెకండియర్ వాళ్ళని అడగాలి. ఇంకోటి, మధ్యలో ఎవరైనా వెళ్ళిపోయారా, వెళ్ళిపోతే వాళ్ళ కాల్ డ్యూటీలు ఎవరి మీద పడ్డాయి.

తమ్ముడు: అడిగాం, బాగోలేదని తెలిసింది. అప్పుడేం చెయ్యాలి?

అక్క: లిస్ట్‌లో పెట్టకూడదు.

తమ్ముడు: అదిగో, ఇక్కడే మీతో పేచీ. అక్కా, పెట్టకపోతే ఎలా? నూటయాభై ప్రోగ్రాంలకి అప్లై చేస్తే రెండు ఇంటర్వ్యూలు వచ్చినవాళ్ళున్నారు మన గ్రూపులో. అందులో ఒకడి నాన్న పొలం అమ్మి స్టెప్పులు రాయించాడు, రెండేళ్ళ గ్యాప్ అయింది, మూడో ఏడాది అంటే ఆ అప్లికేషన్ ఎవరూ తెరవరు. వాడికి పోయి రెండోది పెట్టకు నాన్నా అంటారా?

అక్క: అంటాను. ఒక్కసారి మ్యాచ్ అయ్యాక, అంటే రెండు వైపుల లిస్టులూ కలిపి నీకో ప్రోగ్రాం ఖాయమయ్యాక, నాకొద్దు అనడానికి లేదు, అది కట్టుబాటు. అందుకే అక్కడికి ఏ పరిస్థితిలోనూ వెళ్ళలేను అనుకున్నది పెట్టకూడదు.

తమ్ముడు: వెళ్ళలేను వేరు, వెళ్తే కష్టం వేరు. మన కాలేజీలో హాస్టల్ మెస్ తిని, 36 గంటలు డ్యూటీలు చేసి వచ్చినవాళ్ళం, కష్టం మనకేం కొత్త?

అక్క: ఇది ఆ కష్టం కాదురా. అక్కడ నీ పక్కన పీజీలు ఉన్నారు, బ్యాచ్‌మేట్స్ ఉన్నారు, టీ కొట్టు ఉంది. ఇక్కడ నువ్వూ, నీ పేజరూ.

తమ్ముడు: సరే, వినేవాళ్ళకి కన్ఫ్యూజన్ వస్తుంది, లిస్ట్ ఎలా పనిచేస్తుందో ముందు చెప్పేద్దాం. చాలామంది నాకు ఛాన్స్ ఎక్కువ ఉన్నదాన్ని పైన పెడతారు. అది తప్పు. మనకి మెడికల్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేవాళ్ళం గుర్తుందా, రాని కాలేజీని మొదట పెట్టినంత మాత్రాన రెండోదానికి నష్టం లేదు. ఇక్కడా అంతే, నీ లిస్ట్ పైనుంచి కిందకి ప్రయత్నిస్తుంది, మొదటిది నిన్ను తీసుకోకపోతే రెండోదానికి వెళ్తుంది, రెండోదాని దగ్గర నీ విలువేం తగ్గదు. అక్కడ నీ ర్యాంక్ ఒక్కటే, ఇక్కడ ప్రోగ్రాం వాళ్ళు కూడా లిస్ట్ వేస్తారు, అదే తేడా. 1998 మ్యాచ్ నుంచి వాడుతున్న పద్ధతి ఇది, దీన్ని డిజైన్ చేసినవాళ్ళలో ఒకాయన ఆల్విన్ రోత్ అనే ఆర్థికవేత్త, 2012లో షేప్లీతో కలిపి ఆయనకి నోబెల్ వచ్చింది. కాబట్టి మనసులో ఉన్న వరసే పెట్టండి. పెట్టాక సర్టిఫై నొక్కండి, నొక్కకపోతే అది లెక్కలోకే రాదు.

అక్క: బాగా చెప్పావు. మనసులో ఉన్న వరస అన్నావు చూడు. ఆ మనసుకి సరుకు ఇవ్వాలి కదా, అందుకే ఆ ఫోన్ ప్రశ్న.

తమ్ముడు: మళ్ళీ అక్కడికే వచ్చారు.

అక్క: వస్తాను. ఇది నేను ఇక్కడ ఎప్పుడూ చెప్పలేదు. నా ఫస్టియర్, ప్రోగ్రాం పేరు చెప్పను. రాత్రి రెండూ పది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, నేను బాగానే ఉన్నాను, రేపు ఎగ్జామ్ ఉంది, ఇంటికెళ్ళాలి అంటాడు. ఫ్రెండ్స్ ఎవరో భయపడి తీసుకొచ్చారు. ఇక్కడ బూట్ల లేసులు తీసేసుకుంటారు కదా, ఆ లేసుల్లేని బూట్లలో కాళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. అన్నింటికీ చక్కగా జవాబు చెప్తున్నాడు, కానీ నన్ను చూడట్లేదు, నా వెనక గోడ గడియారం చూస్తున్నాడు. కాగితం మీద చూస్తే పంపెయ్యొచ్చు. నాకు పంపబుద్ధి కాలేదు. అటెండింగ్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. పది నిమిషాలాగి మళ్ళీ చేశాను. మూడోసారి కూడా లేదు.

తమ్ముడు: బ్యాకప్?

అక్క: బ్యాకప్ నంబర్ ఉన్న కాగితం పాతది, ఆ మనిషి మానేసి ఏడాదైంది. నాలుగోసారి ఎత్తారు. ఇలాంటివి నువ్వే చూసుకోవాలి అని పెట్టేశారు. నేను ఉంచేశాను. ఆ అబ్బాయి నన్ను తిట్టాడు, సెక్యూరిటీ వచ్చింది, ఆ తర్వాత నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి చేతులు కడుక్కుంటూనే ఉన్నాను. పొద్దున్న రౌండ్స్‌లో అందరి ముందూ ఎందుకు ఉంచావు, ఏం ఆధారం అని అడిగారు. గడియారం చూస్తున్నాడు అని ఎలా చెప్తాను? మధ్యాహ్నం వాళ్ళ అమ్మ ఫోన్ చేసింది, అబ్బాయి గదిలో ఉత్తరం దొరికిందని. రౌండ్స్‌లో అడిగినాయన ఆ తర్వాత నాతో దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. బాగా చేశావు అననక్కర్లేదు, కూర్చో, మాట్లాడుకుందాం అనొచ్చు కదా.

తమ్ముడు: ...అక్కా, నాకెప్పుడూ చెప్పలేదేం?

అక్క: ఏమని చెప్పను. ఆ ఏడాది అంతా రాత్రి ఫోన్ మోగితే ఒళ్ళు చల్లబడేది. మూడుసార్లు రాజీనామా టైప్ చేశాను.

తమ్ముడు: నాకు రివర్స్ అయింది. సెకండియర్‌లో అలాంటిదే, మానియాలో ఉన్నావిడ, భర్త తీసుకెళ్ళిపోతానంటాడు. మొదటి రింగ్‌కే ఎత్తారు మా మేడమ్. నిద్రమత్తు గొంతుతోనే, ముందు నీకేమనిపిస్తోందో చెప్పు అన్నారు. చెప్పాను. అయితే అదే చెయ్యి, నా పేరు రాయి, మళ్ళీ డౌట్ వస్తే మళ్ళీ చెయ్యి అన్నారు. ముప్పావుగంట తర్వాత చూస్తే స్వెట్టర్ వేసుకుని వార్డులో నిలబడి ఉన్నారు, నేను రమ్మనలేదు. ఆయనతో కూర్చుని మాట్లాడారు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. ఆ రాత్రి నేర్చుకున్నది ఏ లెక్చర్‌లోనూ రాదు.

అక్క: అదే నేను చెప్పేది! ఆ ప్రశ్న. నీకేమనిపిస్తోంది అని ముందు అడిగే చోటు కావాలి.

తమ్ముడు: ఒకటి అడుగుతాను, చెప్తే చెప్పండి. ఆ ప్రోగ్రాంని మీరు ఎన్నో నంబర్ పెట్టారు?

అక్క: ఒకటి.

తమ్ముడు: ఒకటా!

అక్క: ఊరు బాగుంది, పేరు బాగుంది, డైరెక్టర్ చాలా ఆప్యాయంగా మాట్లాడారు. మాకప్పుడు జూమ్‌లు లేవు, ముందురోజు రాత్రి రెసిడెంట్లతో డిన్నర్. అందరూ నవ్వుతున్నారు, ఒకమ్మాయి మాత్రం ప్లేట్లో పాస్తా కెలుకుతూ కూర్చుంది. మా అటెండింగ్స్ బిజీగా ఉంటారు అని ఒక్క మాటంది, పక్కనున్నాయన వెంటనే టాపిక్ మార్చాడు. నేను విన్నాను. వినీ పట్టించుకోలేదు.

తమ్ముడు: ఒకవేళ మీకు ఆ ఒక్క ఇంటర్వ్యూయే వచ్చుంటే? పెట్టకుండా వదిలేసేవారా?

అక్క: ...

తమ్ముడు: నిజం చెప్పండి.

అక్క: పెట్టేదాన్ని. కానీ తెలిసి వెళ్ళేదాన్ని. బ్యాకప్ నంబర్ మొదటిరోజే సరి చేయించేదాన్ని. ఆ అమ్మాయి నంబర్ తీసుకునేదాన్ని.

తమ్ముడు: అంటే మీరు నా మాటకే వచ్చారు.

అక్క: రాలేదు. నాకు తొమ్మిది వచ్చాయి, తొమ్మిది వచ్చినవాళ్ళు ఎనిమిదే పెట్టాలి. రెండు వచ్చినవాడి సంగతి నేను తేల్చలేను, కానీ నువ్వు చెప్పినట్టు కష్టమేగా అని సర్దుకుపొమ్మంటే ఒప్పుకోను. అలా సర్దుకున్నవాళ్ళని చూశాను, ట్రైనింగ్ అయ్యేసరికి పేషెంట్ మాట వినడం మానేశారు. నాలుగేళ్ళు ఎవరూ వాళ్ళ మాట వినలేదు మరి.

తమ్ముడు: ఊ. అది... సరే, అది ఆలోచించాలి. థెరపీ సూపర్‌విజన్, అంటే మన థెరపీ కేసుల గురించి సీనియర్‌తో కూర్చుని మాట్లాడుకోవడం, దాని గురించి అసలు మాట్లాడనేలేదు మనం, వారానికి ఎన్ని గంటలు, ఎవరిస్తారు, క్లినిక్ బిజీ అయితే ముందు దాన్నే కోసేస్తారా అని అడగమని రాసుకున్నాను. బెజవాడ నుంచి ఒకమ్మాయి మెయిల్ కూడా ఉంది, మూడు ప్రోగ్రాంలు రాసింది, వరస చెప్పమంటోంది. మొదటిదాంట్లో హెచ్ వన్ ఇస్తారట కానీ పోయినేడాది ఇద్దరు రెసిడెంట్లు...

అక్క: ఆగాగు, ఆ చప్పుడేంటి?

తమ్ముడు: స్నో తీసే బండి. మా వీధిలోకి వచ్చేసింది, కారు రోడ్డు మీదే ఉంది నాది.

అక్క: తియ్యి ముందు, పోయినసారి టో చేశారుగా!

తమ్ముడు: ఆ మెయిల్ వచ్చేవారం ముందు చదువుదాం అక్కా, ఆ అమ్మాయికి మీరే జవాబు చెప్పాలి, ఇద్దరెందుకు వెళ్ళిపోయారో కనుక్కోమని ఇవాళే రాసేయండి...

అక్క: రాస్తాను, నువ్వు జాకెట్ వేసుకుని వెళ్ళు.